ముప్పావు గంట

ఉదయం ఆరున్నరకి సూర్యావతి కాఫీ తాగుతోందంటే ఆ ఇంట్లో అందరూ కాసేపు ఊపిరి బిగపట్టుకుంటారు.

వంటింటి గుమ్మం పక్కనున్న బల్ల మీద స్టీలు గ్లాసులో సగానికే కాఫీ పోసి పెడతారు. ఆవిడ కుర్చీ దగ్గరకి లాక్కుని, రెండు మోచేతులూ బల్లకి గట్టిగా ఆనించి, అప్పుడు చెయ్యి గ్లాసు వైపు పోనిస్తుంది. ఊరికే ఉన్నంతసేపూ అది అందరి చెయ్యిలాంటిదే. దేన్నైనా పట్టుకోబోయిందంటే మాత్రం ఆవిడ మాట వినదు. భుజానికి తాడు కట్టి ఎవరో వెనకనుంచి లాగినట్టు ఎగిరెగిరి పడుతుంది. అందుకే గ్లాసు ఎత్తడం మానేసి, తలే దించి, అంచుకి పెదాలు ఆనించి తాగడం అలవాటు చేసుకుంది.

ఆ రోజు రెండు గుటకలు పడ్డాయో లేదో, పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. ఉలిక్కిపడేసరికి చెయ్యి గ్లాసుకి తగిలి, కాఫీ ఎదురు గోడ మీది కేలండరు దాకా చిమ్మింది.

"సుబ్రహ్మణ్యేశ్వరా!" అంది సావిట్లోంచి అత్తగారు వీరమ్మ.

భర్త సత్యదుర్గారావు గుడ్డ తెచ్చి గోడ తుడవడం మొదలుపెట్టాడు.

"వదలండి. నేను తుడుస్తాను" అంది సూర్యావతి.

"నువ్వు తుడిస్తే..." అని ఆగిపోయాడు. తొమ్మిది నెలలుగా ఆయన మాటలన్నీ ఇలా సగంలోనే ఆగిపోతున్నాయి.

నడిపిలంక ప్రాథమిక పాఠశాలలో సూర్యావతి ఇరవై నాలుగేళ్ళుగా టీచరు. కిందటి కార్తీకంలో ఒక సాయంత్రం పెరట్లో కొబ్బరి మట్టలు తీస్తూ తాచుపాము మీద కాలు వేసింది. మడమ పైన కాటు పడింది. ఆ తర్వాత ఆవిడకి గుర్తున్నవి రెండే. తెరుద్దామన్నా తెరుచుకోని కనురెప్పలు, తను గట్టిగా పట్టుకున్న భర్త చొక్కా కాలరు. మళ్ళీ తెలివి వచ్చేసరికి, రాజోలు నుంచి పంపిన కాకినాడ పెద్దాసుపత్రిలో గొంతులో గొట్టంతో ఉంది. విషం దిగింది, బతికింది. ఇంటికి పంపేస్తామని చెప్పిన వారంలోనే ఈ ఎగిరిపాటు మొదలైంది.

"విషంతో ఊపిరి ఆగిపోయి, మెదడుకి ప్రాణవాయువు అందలేదమ్మా. ఇది ఆ దెబ్బ" అని నరాల డాక్టరు వివరించారు. "కదలకుండా ఉంటే ఏమీ తెలీదు. పని మొదలుపెడితేనే కండరాలు ఎగిరిపడతాయి. నిలబడ్డప్పుడు కాళ్ళలో పట్టు క్షణంసేపు జారిపోతుంది. దీన్ని మయోక్లోనస్ అంటారు. చాలా అరుదు. నా ఇన్నేళ్ళ ప్రాక్టీసులో మీరు మూడో మనిషి. మందులతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

ఊళ్ళో వాళ్ళకి ఈ మాటలు ఎక్కలేదు. "కూర్చుంటే రాయిలా ఉంటుంది, పని చెప్తేనే వస్తుందంట. ఇదేం రోగమండీ!" అని సగం మంది నవ్వుకున్నారు. "పాము పగ పట్టింది. ఒళ్ళు ఎలా మెలికలు తిరుగుతోందో చూడండి, నాగదోషమే" అని మిగతా సగం మంది తేల్చేశారు. వీరమ్మ మంగళవారం మంగళవారం పుట్టలో పాలు పోయించింది. సూర్యావతి కాదనలేదు. పాలు పోస్తే పోయేదేముందనుకుంది. పోస్తున్నప్పుడు చెంబు ఎగిరి పాలన్నీ తన మీదే పడుతుంటే చూసిన వాళ్ళు లెంపలు వేసుకునేవారు.

గోడ తుడవడం అయ్యాక సత్యదుర్గారావు చేతులు కడుక్కుని వచ్చాడు. అరుగు మీద పేపరు చదువుతున్న కొడుకు ప్రసాదుని లోపలికి పిలిచాడు. నాగదుర్గాప్రసాద్ ఇంజినీరింగు చదివి నాలుగేళ్ళయింది. హైదరాబాదులో కోచింగు తీసుకుంటూ పరీక్ష మీద పరీక్ష రాశాడు. రెండింట్లో ఒక్క మార్కు తేడాతో పోయింది. తల్లికి ఇలా అయ్యాక ఇంటికొచ్చేశాడు.

"నిన్న రాజోలులో యూనియన్ ఆయన్ని కలిసొచ్చేను" అని మొదలుపెట్టాడు సత్యదుర్గారావు. గోధుమరంగు కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "నీ సెలవు ఈ నెలాఖరుతో అయిపోతుంది గదా. మెడికల్ బోర్డుకి పెట్టుకోమన్నారు. ఇక ఉద్యోగానికి పనికిరారని వాళ్ళు రాసిచ్చేస్తే, కారుణ్య నియామకం కింద మన ప్రసాదుకి ఉద్యోగం ఇస్తారంట."

"ఎవరు పనికిరారని?"

"అది వాళ్ళ భాషలే సూర్యా. కాగితం మాట."

"కాగితం మాటైనా ఎవరో ఒకరి గురించి రాస్తారు గదండీ. ఎవరి గురించి?"

ఆయన కవర్లోంచి దరఖాస్తు తీసి తిన్నగా పరిచాడు. జేబులోంచి ఒక చిన్న రేకు డబ్బా తీసి దాని పక్కన పెట్టాడు. "సంతకం కుదరదని చెప్పేను. ఎడమ బొటనవేలి ముద్ర వేసినా చెల్లుతుందన్నారు."

సూర్యావతి డబ్బా వంక చూసింది. ఊదారంగు సిరా దూది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు రేషన్ షాపులో, పోస్టాఫీసులో, సొసైటీలో ఆడవాళ్ళందరి బొటనవేళ్ళకీ ఆ రంగే ఉండేది. బడి అయ్యాక సాయంకాలాలు వాళ్ళని కూర్చోబెట్టి ఒక్కొక్కరి పేరూ ఒక్కొక్కరి చేత రాయించింది తనే.

"అత్తయ్యగారూ," అని పిలిచింది. "మీ చేత వేలిముద్ర మాన్పించడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?"

వీరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రెండు నెలలమ్మా. ఆ మావొత్తు కాడే ఏడిపించేసింది."

"అంత కష్టపడి ఊరంతటి చేతా మాన్పించేను. ఇప్పుడు నా వేలు పట్టుకుని సిరాలో ముంచుతారా? ముంచండి చూద్దాం. నా చెయ్యి లేచి ఎవరి మొహానికి తగులుతుందో మాత్రం నేను చెప్పలేను."

"హాస్యాలొద్దు సూర్యా!"

"హాస్యం కాదండీ. నేను వెయ్యను."

"వెయ్యకపోతే ఏం చేస్తావ్?" సత్యదుర్గారావు గొంతు లేచింది. "బళ్ళోకెళ్ళి పిల్లల ముందు పడతావా? సుద్దముక్క ఎగిరి ఎవరి కంట్లోనో పడితే? నిన్ను చూసి వాళ్ళు నవ్వుతారు. నీకు తెలీదు, నువ్వు పడ్డప్పుడల్లా నాకు ఇక్కడ..." గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు.

"మీకెందుకండీ? పడేది నేను."

వీరమ్మ కలగజేసుకుంది. "ఆడి మీద కసరకమ్మా. ఆడు మటుకు సుఖంగా ఉన్నాడా? తొమ్మిది నెలల్నించి కంచం ముందు కూచుని లేచిపోవడమే. ఆ రోజు ఆ పసరు కాడికి తీసుకెళ్ళకుండా ఉంటే బాగుండేదని ఒకటే కుమిలి..."

"అమ్మా!" అని గట్టిగా అరిచాడాయన.

ఆ కేకకి సూర్యావతి ఒళ్ళంతా ఒక్క ఉదుటున ఎగిరింది. కుర్చీ పక్కకి ఒరిగింది. ప్రసాదు చటుక్కున వచ్చి భుజాలు పట్టుకున్నాడు. ఎగిరిపాటు ఆగేదాకా వదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కుదుటపడ్డాక, సూర్యావతి నెమ్మదిగా అడిగింది.

"ఏ పసరండీ?"

ఆయన సిరా డబ్బా మూత మూస్తూ ఉండిపోయాడు.

"నాన్నగారూ, తిన్నగా ఆసుపత్రికే తీసుకెళ్ళేనన్నారు గదా," అన్నాడు ప్రసాదు. "నాకు ఫోన్లో కూడా అదే చెప్పేరు."

సత్యదుర్గారావు బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. అతి కష్టం మీద ఒక్కొక్క మాటా బయటికి వచ్చింది. పక్క లంకలో పాముకాటుకి పసరు పోసే పెద్దాయన ఉన్నాడు. ఆ ప్రాంతంలో ఎవరికి పాము కరిచినా ముందు ఆయన దగ్గరికే పరుగెత్తుతారు. తను ఆటో ఎక్కించి అటే పోనిమ్మన్నాడు. ఆ పెద్దాయన పసరు పోసి, మంత్రం వేసి, "దిగుతోంది, దిగుతోంది" అన్నాడు. దిగుతోందనే తనూ అనుకున్నాడు. రెప్పలు మూసుకుపోతుంటే నిద్రపట్టిందనుకున్నాడు. ఊపిరి తేలిపోతుంటే గానీ ఆటో ఆసుపత్రి వైపు తిరగలేదు, గేటు దగ్గరికి వచ్చేసరికి అదీ ఆగింది.

"అక్కడ ఎంతసేపు ఉన్నాం?"

"ముప్పావు గంట."

తమ వీధి చివరినుంచి రాజోలు ఆసుపత్రి గేటుకి ఆటోలో పావుగంట దారి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

సూర్యావతి తన ఒళ్ళో ఉన్న చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది. అది ఇప్పుడు ఎంత బుద్ధిగా ఉందో! ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

"తొక్కేను కాబట్టి పాము కరిచింది. దానికి నా మీద పగా లేదు, ద్వేషమూ లేదు," అంది. "మీరు భయపడి అటు తీసుకెళ్ళేరు. భయంలో ఎవరైనా తప్పు చేస్తారు, సరే. కానీ తొమ్మిది నెలలండీ! ఊరంతా నాగదోషం అంటుంటే విన్నారు. ఈ చేతులతో నేను పుట్టలో పాలు పోస్తుంటే పక్కన నిలబడి చూశారు. ఒక్కోసారి దోషం నాదేనేమోననిపించి నేను లెంపలు వేసుకోబోతే, ఆ లెంపల మీద నా చెయ్యే నన్ను కొట్టింది. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

"చెప్పలేకపోయేను" అన్నాడాయన, ఎవరికీ వినపడనంత చిన్నగా.

సూర్యావతి కొడుకు వైపు తిరిగింది. "ప్రసాదూ, నా మొహం చూసి చెప్పు. ఈ ఉద్యోగం నీకు కావాలా?"

"కావాలమ్మా. అబద్ధం చెప్పను. నాకు విసుగొచ్చేసింది. ఇది వస్తే బాగుణ్ణని నెల రోజుల్నించీ అనుకుంటన్నాను." అనేసి కళ్ళు తుడుచుకున్నాడు.

"సంతోషం రా. అడగ్గానే నిజం చెప్పిన వాడివి నువ్వొక్కడివి. కానీ ఇవ్వను. ఇంకా పదమూడేళ్ళ సర్వీసుంది. అది నాది. నీది నువ్వు తెచ్చుకో."

దరఖాస్తు అందుకుని చింపబోయింది. చెయ్యి ఒక్క విసురు విసిరింది. కాగితం అడ్డంగా చిరిగి, సగం చేతిలో ఉండిపోయింది, సగం ఎగిరి అత్తగారి కాళ్ళ దగ్గర పడింది.

"చూశారా," అంది సూర్యావతి, "కొన్ని పనులకి బాగానే పనికొస్తోంది."

ఆ మర్నాడే కాకినాడ ప్రయాణమైంది. తిరిగి ఉద్యోగంలో చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలి. భర్త తోడు వస్తానంటే వద్దంది, కొడుకునీ వద్దంది. వీరమ్మ డెబ్బై ఆరేళ్ళ వయసులో చీర కుచ్చెళ్ళు సర్దుకుని చెప్పులు వేసుకుంది.

"మీరెందుకండీ అత్తయ్యగారూ? నేను పడితే మీరు పట్టుకోగలరా?"

"పట్టుకోడానిక్కాదే. నువ్వు పడ్డావని ఎవడన్నా నవ్వితే తిట్టడానికి."

ఆ అవసరం బస్సు అమలాపురం దాటకుండానే వచ్చింది. ఎదురుగా లారీ హారన్ కొట్టేసరికి సూర్యావతి చెయ్యి లేచి ముందు సీట్లో ఒకాయన చెవి మీద తగిలింది. ఆయన గిరుక్కున తిరిగాడు. "ఏంటమ్మా ఇది? పొద్దున్నే తాగొచ్చేవా?"

"నీ నోట్లో మన్ను బొయ్య!" వీరమ్మ సీట్లోంచి లేచింది. "మా కోడలు టీచరు. పాము కరిచి సచ్చి బతికింది. చెయ్యి దాని మాట ఇనదు. నీ నోరు నీ మాట ఇంటంది గదా, కాస్త మంచిగా వాడుకోలేవా?"

బస్సంతా అటు తిరిగింది. ఆయన చెవి రుద్దుకుంటూ, "తెలీదండీ. తప్పయిపోయింది" అన్నాడు. ఆ తర్వాత యానాం దాకా, హారన్ వినపడినప్పుడల్లా వెనక్కి తిరిగి "బాగున్నారాండీ?" అని అడుగుతూనే ఉన్నాడు.

వీరమ్మ కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి అంది. "పసరు కాడికి పొమ్మంది నేనేనమ్మా. ఆడు ఆసుపత్రికే అన్నాడు. మీ మావగారికి పాము కరిచినప్పుడు ఆ పసరే బతికించిందని నేనే అటు తోలేను."

"మావయ్యగారికి కరిచింది ఏ పాముట?"

"చేలో, నీళ్ళలోదే. మచ్చలది."

"అది నీరుకట్ట అత్తయ్యగారూ. దానికి విషం ఉండదు. పసరు పొయ్యకపోయినా బతికేవారు."

వీరమ్మ నలభై ఏళ్ళ నమ్మకం అలా ఒక్క మాటతో కూలిపోయింది. కాసేపటికి ఆవిడ కొంగు కళ్ళకి అద్దుకోవడం చూసినా సూర్యావతి ఓదార్చలేదు. కానీ దిగేటప్పుడు ఆవిడ భుజమే పట్టుకుంది.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, కలం పట్టుకుని అడిగారు. "టీచరు ఉద్యోగంలో మీరు చెయ్యలేనివేంటమ్మా?"

"బోర్డు మీద రాయలేనండీ. ఎక్కువసేపు నిలబడలేను. మెట్లు దిగలేను."

"చెయ్యగలిగినవి?"

"మిగతావన్నీ."

ఆయన నవ్వి, కూర్చుని పాఠం చెప్పడానికి తగినవారని, ఇది అంటువ్యాధి కాదని, పిల్లలకి దీనివల్ల ప్రమాదం లేదని రాసి సంతకం పెట్టారు.

ఇంట్లో సూర్యావతి భర్తతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన అరుగు మీదే పడుకుంటున్నాడు. వేళకి మాత్రలు తెచ్చి బల్ల మీద పెడతాడు, ఆవిడ వేసుకుంటుంది. అంతే. ప్రసాదు మాత్రం రెండు రోజులు అరుగంతా చార్టులు పరుచుకుని మూడో తరగతి తెలుగూ లెక్కలూ పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. "బోర్డు మీద నువ్వు రాయక్కర్లేదమ్మా. ఇవి తగిలించుకో" అన్నాడు.

"నీ చేతిరాత ఇంకా కోడి కెలికినట్టే ఉందిరా."

"అయితే నువ్వు రాసుకో" అన్నాడు వాడు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. పాము కరిచాక ఆ ఇంట్లో చేతి గురించి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

సోమవారం ఆటో దిగేసరికి హెడ్మాస్టరు జోజి మాస్టారు గేటు దగ్గరే ఉన్నారు. "రండి మేడమ్ గారండీ. మీ కుర్చీ చేతులున్నది వేయించేను. ఆయ్, మీరు అడక్కండా నేను పట్టుకోనండీ. అడిగితే మటుకు వెంటనే పట్టుకుంటాను."

మూడో తరగతిలో ఇరవై ఇద్దరు. ఆవిడ లోపలికి వస్తుంటే కాళ్ళలో పట్టు జారి, తలుపు పట్టుకోబోయి, చెయ్యి తలుపుని దడాల్న కొట్టింది. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. సూర్యావతి కుర్చీలో కూలబడి, ఊపిరి పీల్చుకుని, వాళ్ళ వైపు చూసింది.

"నాకు జబ్బు చేసింది. అందుకని నా చెయ్యి నా మాట వినదు. మీలో అమ్మ మాట వినని వాళ్ళెవరు? చేతులెత్తండి."

ఒకటి, రెండు, తర్వాత పన్నెండు చేతులు లేచాయి.

"అయితే మాట వినని వాళ్ళతో నాకు అలవాటే. పుస్తకాలు తియ్యండి."

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగోరోజు ప్రార్థన అయ్యేసరికి గేటు దగ్గర పదిహేనుమంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ముందు దుర్గాభవాని ఉంది. బడి కమిటీ ఛైర్‌పర్సన్ ఆవిడే. కూతురు మూడో తరగతి.

"టీచరుగారంటే మాకు గౌరవమేనండీ," అంది, సూర్యావతి మొహం చూడకుండా జోజి మాస్టారితో. "నాకు అక్షరాలు నేర్పింది కూడా ఈవిడే. కానీ నాగదోషం ఉన్న మనిషండీ. పగ తీరేదాకా పాము వెతుక్కుంటూ వస్తదంటన్నారు. పిల్లలున్న చోట ఎలాగండీ?"

"అది జబ్బండీ. డాక్టరు రాసిచ్చేరు" అన్నారు జోజి మాస్టారు.

"డాక్టర్లకి అన్నీ తెలుస్తాయా మాస్టారండీ?" అని వెనకనుంచి ఎవరో. "మా పిల్లని పంపం" అని ఇంకొకరు.

సూర్యావతి వరండా స్తంభానికి వీపు ఆనించి నిలబడింది. "నేను వెళ్ళను," అంది. "పిల్లల్ని పంపడం మానేస్తే ఖాళీ గదికి పాఠం చెప్తాను. కానీ వెళ్ళను. మీ పిల్లల్లో ఒక్కరికి నావల్ల గీత పడిందేమో చూపించండి."

మాటకి మాట పెరుగుతుంటే రోడ్డవతల టీ కొట్టు దగ్గరనుంచి ఒక మనిషి గబగబా వచ్చాడు. సత్యదుర్గారావు. ఆయన నాలుగు రోజులుగా ఆ కొట్టు బల్ల మీదే కూర్చుని బడి వైపు చూస్తున్నాడని సూర్యావతికి అప్పటిదాకా తెలీదు. జనాన్ని తోసుకుని మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. ఆయనకి ఏ జబ్బూ లేదు.

"దోషం ఆవిడది కాదు," అన్నాడు. "నాది."

అందరూ ఆగారు.

"ఆసుపత్రికి పావుగంట. నేను పసరుకి తీసుకెళ్ళేను. అక్కడ ముప్పావు గంట కూచోబెట్టేను. నా కళ్ళ ముందే ఊపిరి ఆగిపోయింది. మెదడు దెబ్బతింది అందుకు. పాము పగా కాదు, పాడూ కాదు. మీరంతా నాగదోషం అంటుంటే నాకు హాయిగా ఉండేది. నా తప్పు ఎవరికీ కనపడదు గదా! నా పెళ్ళాం మీద దోషం పెట్టి నేను దాని వెనకాల దాక్కున్నాను. మీరు రాళ్ళు వెయ్యాలంటే నా మీద వెయ్యండి. ఆవిణ్ణి పాఠం చెప్పుకోనివ్వండి."

పిల్లలు కాళ్ళు కడుక్కునే కుళాయి గట్టు మీద కూలబడిపోయాడు. పంచె తడిసిపోతున్నా ఆయనకి తెలీలేదు. ఊళ్ళో పదిమంది ముందు తల ఎత్తుకు తిరిగే మనిషి అలా కూర్చోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

దుర్గాభవాని మొహం పాలిపోయింది. "మా అత్తగారిని కూడా అక్కడికే తీసుకెళ్ళేమండీ," అంది మెల్లగా. "మూడేళ్ళయింది. ఇంటికి రాలేదావిడ. నాగదేవత తీసుకెళ్ళిపోయిందని గుడి కట్టించేం. అంటే... బతికేవారాండీ? టీచరుగారండీ, మా అత్తగారు బతికేవారా?"

సూర్యావతి స్తంభం వదిలి ఆవిడ దగ్గరికి నడిచింది. మూడో అడుగులో కాళ్ళు జారాయి. దుర్గాభవాని రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది. ఎగిరిపడుతున్న చెయ్యి ఆవిడ వీపు మీద రెండు దెబ్బలు వేసినా వదల్లేదు.

"నాకు తెలీదమ్మా," అంది సూర్యావతి. "కానీ ఈసారి ఎవరికి కరిచినా ముందు ఎక్కడికి తీసుకెళ్ళాలో మనకి తెలుసు గదా. అది ఇంటింటికీ చెప్దాం. నాతో వస్తావా?"

"వస్తానండీ" అని ఆవిడ భోరుమంది.

ఒకరొకరే గేటు దాటి వెళ్ళిపోయారు. పిల్లల్ని ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు. జోజి మాస్టారు గంట కొట్టబోతూ, ముందుగా సూర్యావతికి చెయ్యి ఊపి సైగ చేసి, అప్పుడు మెల్లగా కొట్టారు.

సూర్యావతి గట్టు దగ్గర ఆగింది. భర్త తలెత్తి చూశాడు. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆయన కళ్ళు ఆవిడ చేతి మీద కాకుండా మొహం మీద నిలిచాయి. ఆవిడకి అప్పుడొచ్చాయి కన్నీళ్ళు. తుడుచుకోబోతే చెయ్యి ఎక్కడికి పోతుందో తెలీదు కాబట్టి వాటిని కారనిచ్చింది.

"క్షమించేశాననుకోకండి," అంది. "దానికి టైం పడుతుంది. ఎంత పడుతుందో నాకూ తెలీదు."

"తెలుసు" అన్నాడు.

"ఇంటికెళ్ళి పంచె మార్చుకోండి. భోంచెయ్యండి. సాయంత్రం నాలుగింటికి రండి. ఆటో వద్దు, ఇవాళ నడిచి వెళ్దాం. పడితే పట్టుకుందురుగాని."

సత్యదుర్గారావు కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. "ఆయ్" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

సూర్యావతి తలుపు ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుంటూ మూడో తరగతిలోకి వెళ్ళింది. లోపల్నుంచి పిల్లల కంఠాలు ఎక్కం అందుకున్నాయి. మధ్యమధ్య ఏదో దడాల్న పడిన చప్పుడు, వెంటనే ఆవిడ గొంతు, "ఆగమన్నానా? కానివ్వండి!"

సత్యదుర్గారావు మూడున్నరకే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.